ఏ చేతిలో ఉంది? మెంటలిజం నేర్చుకుంటూ రాసుకున్న ప్రాజెక్టు డైరీ

1వ రోజు

లక్ష్యం ముందే రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత మాట మార్చే వీలు లేకుండా. పదకొండు వారాల్లో పది నిమిషాల మెంటలిజం, అంటే ఎదుటివాళ్ళ మనసు చదివినట్టు కనిపించే వినోదం, ప్రదర్శన ఒకటి తయారు కావాలి. చేతి కనికట్టు వద్దు, దాచిన పరికరాలు వద్దు. ఎదుటి మనిషి ముఖం, నా మాట, ఒక నాణెం, కాగితం, పెన్ను. అంతే సామాను. అంశాలు మూడు. నాణెం ఏ చేతిలో ఉందో చెప్పడం, మనసులో అనుకున్న నంబరు చెప్పడం, ఎవరో ఒకరిని తలుచుకోమని ఆ మనిషి గురించి నాలుగు మాటలు చెప్పడం.

నియమం మాత్రం ఒకటే. ప్రతి ప్రయత్నమూ నోట్‌బుక్‌లో ఎక్కాలి, తప్పినవి కూడా. ఈ విద్యలో మనల్ని మనమే మోసం చేసుకోవడం మహా తేలిక. తగిలిన నాలుగూ గుర్తుంటాయి, తప్పిన ఏడూ "ఆ రోజు లైటు సరిగ్గా లేదులే" అనే ఖాతాలోకి పోతాయి.

3వ రోజు

మొదట చిక్కింది అక్క. నాణెం చేతికిచ్చి, "చేతులు వెనక్కి పెట్టుకో, ఏదో ఒక దాంట్లో దాచి రెండు పిడికిళ్ళూ ముందుకు చాపు" అన్నాను. ఇరవై సార్లు ఆడాం. పదకొండు సరిపోయాయి. గోడ వైపు తిరిగి నోటికొచ్చింది చెప్పినా పది వచ్చేవి.

మధ్యలో అక్క అంది: "ఏంట్రా అలా గుడ్లప్పగించి చూస్తావ్? నాకు నవ్వొస్తోంది." అక్కడే దొరికింది తప్పు. నేను చూస్తున్నానని తెలియగానే ముఖం మారిపోతోంది. నవ్వు ఆపుకునే ముఖం, ఏదో దాస్తున్న ముఖం నా కంటికి ఒక్కలాగే ఉన్నాయి. పెదాలు బిగుసుకుంటాయి, గడ్డం కాస్త పైకి లేస్తుంది. ఇరవై సార్లూ నేను చదివింది నాణేన్ని కాదు, నా చూపు వల్ల అక్కకు కలిగిన ఇబ్బందిని.

6వ రోజు

నాలుగు రోజులు చదువుకే పోయాయి. పనికొచ్చింది, పనికిరానిది విడివిడిగా రాస్తాను.

పనికొచ్చింది: 1978లో పాల్ ఎక్మన్, వాలెస్ ఫ్రీసెన్ అనే మనస్తత్వవేత్తలు ముఖ కదలికలకు నంబర్లు ఇచ్చి ఒక పద్ధతి తయారు చేశారు. కనుబొమల లోపలి కొసలు లేస్తే 1, బయటి కొసలు లేస్తే 2, కనుబొమలు ముడిపడితే 4, చెంప లేచి కంటి పక్కన ముడత పడితే 6, పెదాల కొసలు పైకి లాగితే 12, పెదాలు ఒకదాన్నొకటి నొక్కుకుంటే 24. ఇంకా చాలా ఉన్నాయి, నాకు ఈ ఆరు చాలు. నాకు నచ్చిందేమిటంటే ఈ పద్ధతి "భయం", "బాధ" అనదు. ఏది కదిలిందో అంతవరకే రాస్తుంది. అందుకే నా నోట్‌బుక్‌లో "అక్క కంగారు పడింది" అని రాయడం మానేశాను. "24, మింగింది, రెప్ప ఆలస్యం" అని రాస్తున్నాను. కంగారు అనేది నేను కట్టిన కథ. మింగడం అక్కడ జరిగింది.

పనికిరానిది: మైక్రో ఎక్స్‌ప్రెషన్లు. సెకనులో ఇరవై అయిదో వంతు నుంచి అయిదో వంతు దాకా మాత్రమే ఉండే ముఖ కవళికలు. వాటిని ఫోన్‌లో పట్టుకుందామని కూర్చున్నాను. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు, అంటే అతి చిన్న కవళిక ఒక్క ఫ్రేములో వచ్చి పోతుంది. 240 ఫ్రేముల స్లో మోషన్ పెడితే తొమ్మిదో పదో ఫ్రేములు దొరుకుతాయి. గంటసేపు తీసిన వీడియోలో నాకు దొరికినవి రెండు. ఒకటి అక్క ఆవలింత ఆపుకోవడం. రెండోది ఇప్పటికీ ఏమిటో తెలియదు. వేదిక మీద స్లో మోషన్ ఉండదు కాబట్టి ఈ దారి మూసేశాను.

కళ్ళు పైకి కుడి వైపు తిరిగితే అబద్ధం, ఎడమ వైపు తిరిగితే జ్ఞాపకం అనే మాట కూడా కొట్టేశాను. 2012లో దాన్ని ప్రయోగం చేసి చూసినవాళ్ళకు అందులో పస కనబడలేదు. నేను మాత్రం దాని వెనక రెండు రోజులు తిరిగాను.

కనుపాప మాట నిజమే. 1966లో కానెమన్, బీటీ చేసిన ప్రయోగంలో గుర్తుపెట్టుకోవాల్సిన అంకెలు పెరిగేకొద్దీ పాపలు పెద్దవయ్యాయి. కానీ ముదురు రంగు కళ్ళలో, ఒక మీటరు దూరం నుంచి, అది నాకు కనబడితేగా!

చివరగా ఒక అంకె గోడ మీద అంటించాను: 54. రెండు వందలకు పైగా అధ్యయన పత్రాలను కలిపి చూసిన 2006 నాటి విశ్లేషణలో (బాండ్, డిపాలో) అబద్ధాన్నీ నిజాన్నీ వేరు చెయ్యడంలో మనుషుల సగటు వందకు 54. నా ఇరవైకి పదకొండు, అంటే 55, ప్రపంచ సగటన్నమాట.

10వ రోజు

దారి దొరికినట్టుంది.

మామూలుగా ఉన్నప్పుడు ఎలా ఉంటారో తెలియకుండా మార్పును పట్టుకోలేం. అందుకే ఆటకు ముందు ఒక నిమిషం కబుర్లు పెడుతున్నాను. నిద్ర పట్టిందా, పొద్దున ఎన్నింటికి లేచావు, ఇలాంటివి. జవాబులతో నాకు పని లేదు. రెప్పలు ఎంత తరచుగా పడుతున్నాయి, ఊపిరి భుజాల్లో కనబడుతోందా లేదా, తల ఏ వైపు వాల్చే అలవాటు ఉంది, ఇవి చూసుకుంటాను. తర్వాత ఒకసారి నా ముందే నాణెం కుడి చేతిలో పెట్టించి, "ఎడమ చేతిలో ఉంది" అని అబద్ధం చెప్పిస్తాను. దాన్ని ఆటలో రిహార్సల్ అంటాను. నిజానికి అది నా కొలబద్ద.

రెండో మార్పు ఇంకా పెద్దది. చూస్తూ కూర్చోవడం మానేసి, మాట వేసి ఆగుతున్నాను. కుడి పిడికిలికి వేలు చూపి, మామూలు గొంతుతో "ఇందులో లేదు కదా" అంటాను. పిడికిలిని చూడను. కళ్ళల్లోకీ చూడను. గొంతు గుంట దగ్గర చూపు ఆనిస్తే రెప్పలు, పెదాలు, మింగడం అన్నీ ఓరగా కనబడతాయి, ఎదుటివాళ్ళకు ఇబ్బందీ ఉండదు. ఒక సెకను ఆగుతాను. మళ్ళీ ఎడమ పిడికిలికి అదే మాట, అదే గొంతు, అదే ఆగడం. రెంటినీ పోల్చుకుంటాను.

ఈ రోజు అక్కతో ఏడో ఆట ఇలా జరిగింది. కుడి చెయ్యి చూపాను, "ఇందులో లేదు కదా." రెప్ప వెంటనే పడింది, పెదాలు వదులుగానే ఉన్నాయి. ఎడమ చెయ్యి చూపాను, అదే మాట. రెప్ప పడలేదు. నేను వేలు తీసేశాక మాత్రం టకటకా మూడు సార్లు పడింది. ఎడమ చేతిలోనే ఉంది నాణెం. 2008లో షారన్ లీల్, ఆల్డర్ట్ వ్రై ప్రచురించిన ప్రయోగంలో ఉన్నది ఇదే: అబద్ధం చెబుతున్నంతసేపూ రెప్పపాట్లు తగ్గుతాయి, చెప్పేశాక ఒక్కసారిగా పెరుగుతాయి. చదివినప్పుడు పట్టించుకోలేదు, ఎదురుగా చూశాక అర్థమైంది.

ఇరవైలో 14. ఎగిరి గంతెయ్యాలనిపించింది కానీ లెక్క వేసుకున్నాను. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా ఇరవైలో 14 గానీ అంతకంటే ఎక్కువ గానీ వందలో దాదాపు ఆరు సార్లు వస్తాయి. ఇంకా ఆడాలి.

14వ రోజు

గుర్రం కథ ఈ రోజు బాగా పనికొచ్చింది. 1900ల మొదట్లో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. లెక్క అడిగితే డెక్కతో నేలను తట్టి జవాబు చెప్పేది. అడిగిన మనిషికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియదని 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ తేల్చాడు. అడిగేవాళ్ళు డెక్కను చూడటానికి రవ్వంత ముందుకు వంగేవారు. సరైన అంకె రాగానే బిగింపు వదిలి తల రవ్వంత పైకి లేచేది. గుర్రం అక్కడ ఆపేది. సంగతి తెలిశాక కూడా ఫుంగ్‌స్ట్ తన తల కదలకుండా ఆపుకోలేకపోయాడు.

గుర్రానికి వచ్చింది నాకు రాదా అని ఒక మిత్రుణ్ణి కూర్చోబెట్టాను. ఒకటి నుంచి పది లోపు ఏదైనా అనుకోమని, నేను నెమ్మదిగా లెక్కపెట్టాను. పది ప్రయత్నాల్లో మూడు సరిపోయాయి. కానీ తప్పిన ఏడింటిలో నాలుగు ఒక్క అంకె ఎక్కువ. వాడు 6 అనుకుంటే నేను 7 అన్నాను, 3 అనుకుంటే 4.

కాసేపు తల పట్టుకున్నాక వెలిగింది. నేను పట్టుకుంటున్నది బిగింపును కాదు, బిగింపు వదలడాన్ని. వాడి నంబరు దగ్గర ఊపిరి ఆగుతుంది, అది నాకు కనబడదు. తర్వాతి నంబరు దగ్గర భుజాలు దిగుతాయి, అది కనబడుతుంది. అంటే జవాబు దాని ముందుది. "కనబడినదాంట్లోంచి ఒకటి తీసెయ్" అని పేజీ పైన రాసుకుని మళ్ళీ పది ఆడాను. ఐదు.

18వ రోజు

ముఖం చూడకుండానే గెలిచే పద్ధతి. కాస్త సిగ్గుగా ఉంది కానీ రాస్తున్నాను.

మనుషులు "ఎలా పడితే అలా" ఎంచుకుంటున్నాం అనుకున్నప్పుడు అవసరానికి మించి మార్చి మార్చి ఎంచుకుంటారు. ఇప్పటిదాకా మూడు ఆటలు పూర్తిగా ఆడినవాళ్ళు 30 మంది. మూడు సార్లూ ఒకే చేతిలో పెట్టినవాళ్ళు ముగ్గురే. నిజంగా గుడ్డిగా పెడితే ఏడెనిమిది మంది ఉండాలి. కాబట్టి మొదటి రెండు సార్లూ ఒకే చెయ్యి అయితే, మూడోసారి కళ్ళు మూసుకుని రెండో చెయ్యి చెప్పేయొచ్చు. చూసేవాళ్ళకు మాత్రం నేను ముఖం చదివినట్టే ఉంటుంది.

ఇంకో పాత చిట్కా: "నాణెం ఉన్న పిడికిలిని నుదుటికి ఆనించి దాని గురించే ఆలోచించు" అని అటు తిరిగి అర నిమిషం ఆగితే, పైకెత్తిన చేతిలో రక్తం కిందికి దిగి ఆ చెయ్యి పాలిపోతుంది. రెండు చేతులూ పక్కపక్కన చాపితే తేడా తెలుస్తుంది. పసుపు లైటు కింద రెండు సార్లు బోర్లా పడ్డాను. తెల్ల లైటు ఉంటేనే వాడాలి.

25వ రోజు

నంబరు అంశం మొదలు. యాభై లోపు రెండంకెల నంబరు, రెండూ బేసి, వేరు వేరు అంటే ఎక్కువమంది 37 దగ్గరికి వస్తారన్నది మెంటలిస్టులందరికీ తెలిసిన పాత సంగతి. నేను రాసుకున్న మొదటి స్క్రిప్టు ఇది:

"ఒకటికీ యాభైకీ మధ్య రెండంకెల సంఖ్య ఒకటి తలుచుకోండి. రెండూ బేసి అంకెలై ఉండాలి. ఒకే అంకె రెండుసార్లు రాకూడదు."

పన్నెండు మంది మీద వేశాను. 37 అన్నది ఒక్కరు. ఒకాయన 11 అన్నాడు, ఒకావిడ 24. ఇంకొకరు "సున్నా బేసా, సరా?" అని అడిగారు. అందరి ముఖాల్లోనూ ఒకటే కవళిక, 4: కనుబొమల ముడి. పరీక్ష హాల్లో ప్రశ్నాపత్రం తీసుకున్నవాళ్ళ ముఖం. తప్పు వాళ్ళది కాదు. "సంఖ్య", "బేసి" అన్న క్షణంలో నేను లెక్కల మాస్టార్ని అయిపోయాను. మాస్టారి ముందు మనిషి సరైన జవాబు వెతుకుతాడు. నాకు కావాల్సింది మొదట తోచిన జవాబు.

రెండో స్క్రిప్టు:

"ఒక నంబరు అనుకో. యాభై లోపు, రెండంకెలది. నాకు కాస్త కష్టం కావాలి కాబట్టి రెండూ ఆడ్ నంబర్లే పెట్టు, వేరు వేరుగా. పదిహేను ఉంది చూడు, ఒకటి, ఐదు, అలాంటిది. అనుకున్నావా?"

ఉదాహరణగా చెప్పినదాన్ని ఎవరూ ఎంచుకోరు, కాబట్టి 15 పోయింది. మిగిలినవి 13, 17, 19, 31, 35, 37, 39. ఏడే. చివర "అనుకున్నావా?" త్వరగా పడాలి, తీరిగ్గా వెతికే టైం ఇవ్వకూడదు. 24 మందిలో 37 ఎనిమిది, 35 ఆరు, 17 మూడు, 39 మూడు, మిగతావి నాలుగు.

తెలుగులో ఇంకో సంగతి కూడా ఉందని నా అనుమానం. "పదిహేడు", "పంతొమ్మిది" అన్నప్పుడు అంకెలు మాటలో కలిసిపోతాయి. "ముప్పై ఏడు" అంటే మూడూ ఏడూ విడివిడిగా వినబడతాయి. రెండంకెలు విడిగా చూసుకోమన్నప్పుడు మనసు ముప్పైల వైపే పోతుందేమో. ఈ 24 మందితో అది తేలదు కానీ, పదిహేను చెప్పాక "ఒకటి, ఐదు" అని విడదీసి చెప్పడం మాత్రం తప్పనిసరి. ఆ రెండు మాటలు మరిచిపోయినప్పుడల్లా తికమక పడ్డారు.

కాగితం మీద 35 రాసి, ఒక గీతతో కొట్టేసి, కింద 37 రాస్తాను. 37 అంటే సరే సరి. 35 అంటే, "మొదట అదే తోచింది, అనవసరంగా మార్చాను" అని కొట్టేసింది చూపిస్తాను. తప్పు ఒప్పుకున్నట్టు ఉంటుంది కాబట్టి ఇంకా నమ్ముతారు. దీన్ని అవుట్ అంటారు. 24లో 14 మంది ఈ రెండింట్లోనే ఉన్నారు. మిగతా పదిమందికి? ముందుగా ఏమీ గొప్పగా ప్రకటించకపోవడమే. కాగితం విప్పకుండా "సరే, ఇది ఉత్త వార్మప్" అని తర్వాతి దానికి వెళ్ళిపోవడమే.

33వ రోజు

మాటల్లో సూచన దాచడం, అంటే ప్రైమింగ్, దాని సత్తా ఎంతో తెలుసుకోవాలనుకున్నాను. 2020లో ఆలిస్ పైలెస్, గుస్టావ్ కూన్ డైమండ్ మూడు అనే పేకముక్క మీద ప్రయోగం చేశారు. మాటల్లో, చేతి సైగల్లో ఆ ముక్కను సూచించి, ఏదో ఒక ముక్క అనుకోమన్నారు. సుమారు 18 శాతం మంది సరిగ్గా అదే అనుకున్నారు. గుడ్డి లెక్కన 52లో ఒకటి, రెండు శాతం కూడా కాదు. అందుకని ఇది గొప్ప ఫలితమే. కానీ వేదిక మీద నిలబడేవాడికి ఇంకో లెక్క కూడా ఉంది: అయిదుగురిలో నలుగురు అనుకోరు.

అయినా ప్రయత్నించాను. "మూడు సార్లు ఊపిరి పీల్చు", "ఏడాదిగా దీని మీదే ఉన్నా" అంటూ మూడూ ఏడూ మాటల్లో కుక్కాను. మిత్రుడు పట్టేశాడు. "ఇందాకట్నుంచీ ఏడు ఏడు అంటున్నావేంట్రా, నేనెందుకేడవాలి?" అన్నాడు. పక్కనున్నవాళ్ళంతా నవ్వారు. ఆ పూటకి నంబరు ఆట అయిపోయింది. ఏడు అనే మాటను దాచడం మన భాషలో అంత తేలిక కాదు. మాటలు తీసేసి, చేతి సైగ ఒక్కటే ఉంచాను: "చిన్న నంబరు" అనేటప్పుడు మూడు వేళ్ళు, అదీ నడుం ఎత్తులో.

38వ రోజు

అనుకున్న మూడు అంశాలకు ఇంకొకటి చేర్చాను. బల్ల మీద తాళంచెవి, నాణెం, పెన్ను. చివరికి పెన్నే మిగలాలి. దీనికి తెలుగు వరంలా కలిసొచ్చింది. "రెండు తీసి పక్కన పెట్టు" అంటాను. పక్కన పెట్టడం అంటే మనకు రెండు అర్థాలు: పనికొస్తుందని దాచడం, పనికిరాదని తోసెయ్యడం. పెన్ను బల్ల మీదే ఉంటే, "మిగిలింది ఇదే" అంటాను. పెన్ను పక్కకి వెళితే, "పక్కన పెట్టుకున్నావు కదా, ఆ రెండింట్లో ఒకటి నాకివ్వు" అంటాను. పెన్ను ఇస్తే, "నాకిచ్చింది ఇదే". తాళంచెవి ఇస్తే, "ఇది నాకు, నీకు మిగిలింది పెన్ను". ఎక్కడా అబద్ధం లేదు, మాట తేల్చకుండా వదిలానంతే. ఒక సాయంత్రంలో కుదిరిపోయింది. ఇదే అంశం రెండోసారి అదే మనిషికి చేస్తే మాత్రం దొరికిపోతాం.

41వ రోజు

1948లో బెర్ట్రామ్ ఫోరర్ 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ విశ్లేషణ అని చెప్పి అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులు వెయ్యమంటే సగటు 4.26 వచ్చింది. నేనూ తెలుగులో ఒకటి రాసి ఆరుగురికి పంపాను. "బయటికి గట్టిగా కనబడతారు కానీ అన్న మాటలు రాత్రిళ్ళు తలుచుకుని బాధపడతారు" వగైరా. ఐదుగురు నాలుగు, అయిదు వేశారు. ఆరో ఆయన "ఇది వారఫలాల్లోంచి కొట్టుకొచ్చావా?" అన్నాడు. ఆయన చెప్పింది కరెక్టే. ఫోరర్ కూడా తన వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోంచే తీసుకున్నాడు.

45వ రోజు

"కదా" గురించి ఒక పేజీ రాయాలి.

కోల్డ్ రీడింగ్‌లో, అంటే ముందు ఏమీ తెలియని మనిషి గురించి తెలిసినట్టే చెప్పడంలో, కాదన్నా అవునన్నా గెలిచే ప్రశ్న ఒకటి ఉంటుంది. ఇంగ్లీషు స్క్రిప్టుల్లో దానికోసం వాక్యాన్ని చాలా మెలితిప్పుతారు. మనకు ఆ అవసరమే లేదు. "మీకు అన్నయ్య లేరు కదా."

ఆవిడ "లేరు" అంటే, "అదే, ఇంట్లో పెద్దరికం మీ మీదే పడ్డట్టుంది" అంటాను. "ఉన్నారు" అంటే, "ఉండాలే, అదే అనుకుంటున్నా, మీ మాటలో చెల్లెలి ధోరణి ఉంది" అంటాను. ప్రాణమంతా "కదా" అన్న చోట గొంతులో ఉంది. పైకి ఎత్తితే ప్రశ్న, కిందికి దింపితే తీర్పు. నేను మధ్యలో వదిలేస్తాను. వినేవాళ్ళు తమ జవాబుని బట్టి నేను ఏ గొంతుతో అన్నానో తర్వాత గుర్తు చేసుకుంటారు. రికార్డు చేసి ఇద్దరికి వినిపించాను. అన్నయ్య ఉన్నాయన "నువ్వు ఉన్నాడనే అన్నావు" అని వాదించాడు. రికార్డింగు చెవి దగ్గర పెట్టినా ఒప్పుకోలేదు.

ముఖం పని కూడా ఇక్కడే. నోరు తెరిచేలోపే జవాబు వచ్చేస్తుంది. తప్పు చెబితే తల రవ్వంత వెనక్కి పోతుంది, కనుబొమలు (1, 2) లేస్తాయి. సరిగ్గా చెబితే ముందుకి వస్తుంది. ఆ అర సెకను చూసుకుంటే, ఆవిడ మాట్లాడేలోపు నేనే వాక్యం పూర్తి చెయ్యొచ్చు.

48వ రోజు

ఇన్నాళ్ళూ ముఖం చుట్టూ తిరిగాను, ఎదురుగా వ్యాకరణం ఉందని చూడకుండా.

"మీకు ముఖ్యమైన ఒక మనిషిని తలుచుకోండి. తను మీకు చివరిసారి ఎప్పుడు కనిపించారు?" నా వాక్యంలో ఆడా మగా తెలియదు, పెద్దా చిన్నా తెలియదు. "తను", "వాళ్ళు" అన్నవి అందుకే ఉన్నట్టున్నాయి. జవాబు వినండి. "నిన్ననే వచ్చి వెళ్ళింది." ఆడ, చనువు ఉంది, తన ఈడుదో చిన్నదో, లేదా అమ్మ. "పోయిన నెల వచ్చారు." పెద్దవాళ్ళు, లేదా చనువు లేని గౌరవం. "వచ్చాడు." తమ్ముడు, కొడుకు, స్నేహితుడు. ఒక్క క్రియ చివర ఇంత సమాచారం పోసి ఇచ్చి, తామేమీ చెప్పలేదనే అనుకుంటారు. నేను రెండు నిమిషాలు వేరే కబురు చెప్పి, తర్వాత తీరిగ్గా "ఈవిడ మీకంటే చిన్న... మిమ్మల్ని పేరుతో పిలవదు" అంటే నోరెళ్ళబెడతారు.

పదిమందిలో తొమ్మిది మంది దగ్గర ఆడా మగా సరిగ్గా వచ్చింది. ముఖంతో నేను ఎన్నడూ ఇంత సాధించలేదు. పదో ఆవిడ జవాబంతా ఇంగ్లీషులో చెప్పింది.

54వ రోజు

ఈ రోజు ముఖం బాగా చదివాను. చదవకపోయినా బాగుండేది.

పరిచయస్తుల ఇంట్లో ఆరుగురు కూర్చున్నాం. ఒకావిడతో మూడో అంశం చేస్తున్నాను. "ఎంతగానో మాట్లాడుకునేవాళ్ళు, ఈ మధ్య మాట లేదు కదా" అన్నాను. ఫోరర్ బాపతు వాక్యమే, ఎవరికైనా తగులుతుంది. ఆవిడ కనుబొమల లోపలి కొసలు లేచాయి, కావాలని చాలామంది కదపలేని కండరం అది. కింది పెదవి లోపలికి పోయింది. గడ్డం మీద చర్మం ముడతపడి వణికింది. నాకు ఏ అనుమానమూ లేదు. మాట మానేయడం కాదు, ఆ మనిషే లేరు.

నా స్క్రిప్టులో తర్వాతి వాక్యం ఉంది. నాలుక చివరి దాకా వచ్చింది. అది అని ఉంటే గది మొత్తం అబ్బురపడేది. "నాకు ఇక్కడితో సరిగ్గా అందడం లేదండీ, పోనీ నాణెం ఆట ఆడదాం" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, నాణెం తీసుకుంది. మూడు ఆటల్లో మూడూ తప్పు చెప్పాను, రెండు కావాలనే.

ఇంటికొచ్చి స్క్రిప్టు మార్చాను. "ముఖ్యమైన మనిషి" తీసేసి "మిమ్మల్ని బాగా నవ్వించే మనిషి, ఈ వారంలో మాట్లాడిన మనిషి" అని పెట్టాను. ప్రదర్శన మొదట్లో ఒక వాక్యం కూడా చేర్చాను: ఇదంతా వినోదం, నాకు ఏ శక్తులూ లేవు, కొంత గమనింపు, కొంత మాట, కొంత మోసం.

66వ రోజు

మొదటి పూర్తి ప్రదర్శన, ఆఫీసులో పదిమంది ముందు. పది నిమిషాలు అనుకున్నది పద్నాలుగు అయింది. నాణెం మూడులో రెండు. నంబరు 35, కొట్టేసిన గీత చూపించాను, అన్నిటికంటే దీనికే చప్పట్లు ఎక్కువ. పెన్ను సరిగ్గా మిగిలింది. నవ్వించే మనిషి "వాడు" అని రెండో వాక్యంలోనే దొరికాడు. టెన్షన్ వల్ల నా చేతులు వణికాయి కానీ అవి ఎవరూ చూడలేదు.

72వ రోజు

మూడు ప్రదర్శనల వీడియోలు అక్కకు చూపించాను. ముఖాలు చూడమన్నాను, నేను ఎక్కడ ఏం వదిలేస్తున్నానో చెబుతుందని. అక్క ముఖాలు చూడలేదు, ఫోన్ పక్కన పెట్టి వింటూ కూర్చుంది.

"నీకు తెలిసినప్పుడు నంబరు అంటావురా. తెలియనప్పుడు సంఖ్య అంటావు."

నవ్వాను. తర్వాత వీడియోలు మొదటినుంచీ పెట్టి లెక్కపెట్టాను. మూడు ప్రదర్శనల్లో నంబరు అంశం మొత్తం ఏడుగురి మీద చేశాను. కాగితం విప్పే ముందు "మీ నంబరు" అన్నది నాలుగు సార్లు, నాలుగూ తగిలాయి. "మీరు తలుచుకున్న సంఖ్య" అన్నది మూడు సార్లు. రెండు కాగితం విప్పకుండా దాటేసినవి, ఒకటి కొట్టేసిన గీత చూపించినది.

రేపటి పని: రెండో స్క్రిప్టు గట్టిగా చదువుతూ రికార్డు చెయ్యాలి, ఇరవై సార్లు. అక్క పక్క గదిలో కూర్చుని, నాకు నంబరు తెలిసి చదువుతున్నానో తెలియక చదువుతున్నానో రాసిపెడుతుంది.